ఖిడికీ ఎవరిది?

పోయిన ఈద్‌కు మా ఇంటికొచ్చిన ఖాలా ఒకామె అమ్మీ మనీ ప్లాంట్‌ను చూసి సలాహ్ ఇచ్చింది: "కొన్న మొక్కకు బర్కత్ ఉండదు ఆపా. ఎవరింట్లోంచైనా ఒక తీగ దొంగిలించి పెట్టుకో." దొంగతనంతో బర్కత్ ఎట్లా వస్తుందో అల్లాకే తెలియాలి. అమ్మీ నవ్వి ఊరుకుంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఆ మొక్క తకలీఫ్ నసీబ్‌ది కాదు, ఖిడికీది.

యాకుత్‌పురాలో పాత ఇల్లు వదిలి టోలీచౌకీ ఫ్లాట్‌కు వచ్చేటప్పుడు, ఆంగన్‌లోని మొక్కలన్నీ పంచిపెట్టి అమ్మీ ఈ ఒక్క గమ్లా తెచ్చుకుంది. పచ్చటి ఆకు మీద పాలు చిలకరించినట్టు తెల్లటి చారలు. నర్సరీ వాళ్ళు మార్బుల్ క్వీన్ అంటారు. ఏడాది తిరిగేసరికి కొత్త ఆకులు చిన్నవైపోయి, చారలు పోయి, మామూలు పచ్చగా వచ్చాయి. "రంగ్ ఉడ్ గయా బేటా" అంది అమ్మీ.

ఆకులో తెల్లగా ఉన్నచోట పత్రహరితం ఉండదు. ఆ భాగం సంపాదించలేదు, పక్కనున్న పచ్చదనమే దాన్ని కూడా సాకాలి. వెలుతురు చాలినంత ఉంటే సాకుతుంది. చీకట్లో పెడితే పచ్చటి కొమ్మలే బలంగా పెరుగుతాయి, తెల్లవి వెనకబడతాయి. షౌక్ పక్కనపెట్టి రోజీ చూసుకోవడమన్నమాట.

"ఇండోర్ ప్లాంట్" అంటే వెలుతురు అక్కర్లేని మొక్క అనుకోవడం మన గల్తీ. ఇది పసిఫిక్ సముద్రంలోని మూరియా దీవి మొక్క. అడవిలో చెట్లను పట్టుకుని పైకి పాకుతుంది. దానికి అలవాటైంది చెట్టునీడ, బీరువా చాటు కాదు.

కాబట్టి ఖిడికీకి దగ్గరగా పెట్టండి. మిట్టమధ్యాహ్నపు ఎండ మాత్రం నేరుగా తగలనివ్వకండి, ముందు తెల్లభాగమే మాడుతుంది. మట్టిలో వేలుపెట్టి చూసి, పైన ఆరితేనే నీళ్ళు పోయండి. రోజూ పోస్తే వేర్లు కుళ్ళుతాయి. పూర్తిగా పచ్చబడిన కొమ్మను చారలున్న ఆకు దాకా కత్తిరించండి. పాకడానికి ఒక కర్ర ఇస్తే ఆకులు పెద్దవవుతాయి. ఆకు నమిలితే నోరు మండుతుంది, చిన్నపిల్లలకూ పిల్లులకూ అందనివ్వకండి.

ఇదంతా తేలికే. అసలు సవాల్ ఖిడికీ దగ్గరే. మా ఫ్లాట్‌లో మంచి వెలుతురొచ్చే ఖిడికీ ఒక్కటే, హాల్లో. దాని ముందు సోఫా, దళసరి పర్దా. అదంతా నెలకోసారి వచ్చే మెహమాన్ల కోసం. లోపలి గదిలో అమ్మీ, ఆమె గమ్లా, పగలు కూడా ట్యూబ్‌లైట్. పాత ఇంట్లో దీవాన్‌ఖానా మెహమాన్లదైనా ఆంగన్ ఆడవాళ్ళది. ఫ్లాట్‌కొచ్చాక ఆంగన్ పోయింది, దీవాన్‌ఖానా మాత్రం మిగిలింది. నా కళ్ళముందే ఇది జరిగింది. మొక్క వాడిపోయేదాకా నాకు కనబడలేదు.

సోఫా జరిపాను. గమ్లా అక్కడ పెట్టాను, అమ్మీ తఖ్త్ కూడా అక్కడికే తెచ్చాను. పచ్చబడిన పాత ఆకులు మళ్ళీ మారవు. కొత్తగా విచ్చుకున్న ఆకు మీద మాత్రం సన్నటి తెల్లచార ఉంది. ఫజర్ తర్వాత అమ్మీ దాని పక్కనే తస్బీహ్ పట్టుకుని కూర్చుంటోంది.

మీ ఇంట్లో మంచి ఖిడికీ ముందు రోజంతా ఎవరుంటున్నారో ఒకసారి చూడండి. మొక్కను ఎక్కడ పెట్టాలో తర్వాత ఆలోచిద్దాం.