వాడు, అతను, ఆయన

మొన్న వేసవి సెలవుల్లో మా వీధి పిల్లలను కొందరిని వెంటబెట్టుకుని లేపాక్షి వెళ్ళాను. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు ఇదివరకు అనంతపురం జిల్లాలో ఉండేది; 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన కాలంలో, అంటే 1529కీ 1542కీ మధ్య, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఇక్కడి వీరభద్రాలయాన్ని కట్టించారని చెబుతారు.

ఆ గుడి మంటపం పైకప్పు నిండా రంగుల బొమ్మలున్నాయి. వాటిలో ఆ అన్నదమ్ములు పరివారంతో సహా దణ్ణం పెడుతూ నిలబడిన బొమ్మ కూడా ఉన్నది.

"ఈ బొమ్మల్లో గొప్పవాళ్ళెవరో చెప్పండి, చూద్దాం," అన్నాను.

పిల్లలు తలలు పైకెత్తి చూశారు. ఎవరూ ఆలోచించనే లేదు. "ఆ పొడుగాటి టోపీలవాళ్ళు!" అన్నారు అందరూ ఒక్కసారిగా.

నిజమే. ఆ టోపీని కుళ్ళాయి అంటారు. తిరుమలలో ఉన్న కృష్ణదేవరాయల విగ్రహానికి కూడా ఇటువంటి పొడుగు టోపీయే ఉన్నది. ఆ రోజుల్లో మనిషి హోదా అతని తలమీద కనబడేది.

"ఇప్పుడు కుళ్ళాయిలు లేవు గదా, తాతా! ఇప్పుడు గొప్పవాళ్ళను ఎట్లా గుర్తుపట్టాలి?" అని ఒక కుర్రవాడు అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు కాసేపట్లో ఆ కుర్రవాడి నోటినుంచే వచ్చింది.

గుడి చూసి, పెద్ద నంది దగ్గరికి వచ్చాం. ఒకే రాతిలో చెక్కిన ఆ నంది ఇంచుమించు 27 అడుగుల పొడుగు, 15 అడుగుల ఎత్తు ఉంటుంది. ఎండ మండిపోతున్నది. అందరికీ దాహం వేసింది. ఆ కుర్రవాడు పరుగున వెళ్ళి, చెట్టు నీడన మేకలను నిలుపుకుని కూర్చున్న ఒక ముసలాయనను అడిగి వచ్చాడు.

"తాతా, నీళ్ళు అటువైపు ఉన్నాయట. వాడు చెప్పాడు," అన్నాడు.

అంతలో కెమెరా తగిలించుకున్న ఒక యువకుడు అటుగా వచ్చాడు. "ఆయన మన ఫోటో తీస్తారట!" అన్నాడు అదే కుర్రవాడు సంతోషంగా.

చూశారా! డెబ్బై ఏళ్ళ మనిషి "వాడు" అయినాడు, పాతికేళ్ళ మనిషి "ఆయన" అయినాడు. దాహం తీర్చే దారి చూపింది మాత్రం "వాడు"!

మన తెలుగులో మనిషిని చెప్పటానికి ఎన్ని మెట్లున్నాయో గమనించండి. వాడు, అతను, ఆయన, వారు. ఎదుటపడితే నువ్వు, మీరు, తమరు. ఆడవాళ్ళకైతే అది, ఆమె, ఆవిడ, వారు. ఇంట్లో పనిచేసే ఆమె కొంచెం ఆలస్యమైతే, "అది ఇంకా రాలేదా?" అంటారు కొందరు. చీపురూ "అది", చీపురు పట్టిన మనిషీ "అది". వెనకటి కుళ్ళాయి తలమీద ఉండేది. ఇప్పటి కుళ్ళాయి మన నాలుకమీద ఉన్నది. అది ఎవరికి పెట్టాలో, ఎవరికి తీసెయ్యాలో మనమే నిర్ణయిస్తున్నాం.

అయితే "నువ్వు" అనటమే తప్పా? కాదు. అమ్మను నువ్వంటాం. దేవుణ్ణి నువ్వంటాం. మా వైపు "ఏమప్పా, బాగుండావా?" అని పలకరించుకుంటారు. అందులో ఉన్నదీ నువ్వే. కాని ఎదుటివాడు కూడా మనల్ని అట్లాగే పలకరిస్తాడు. తప్పు ఎప్పుడంటే, తాత వయసు మనిషి మనల్ని "మీరు" అంటూ ఉండగా, మనం ఆయనను "నువ్వు" అన్నప్పుడు.

ఇంగ్లండులో కూడా ఒకప్పుడు ఇట్లాగే ఉండేది. చిన్నవాణ్ణి "దౌ" అనీ, పెద్దవాణ్ణి "యూ" అనీ అనేవారు. 1650 ప్రాంతాల జార్జి ఫాక్స్ అనే ఆయనా, క్వేకర్లనే ఆయన అనుచరులూ అందరినీ "దౌ" అనే అన్నారు. న్యాయాధికారి ఎదుట కూడా టోపీ తీయలేదు. అందుకు దెబ్బలు తిన్నారు, చెరసాలకు వెళ్ళారు. తరవాత కాలంలో "దౌ" వాడుకలోనుంచి పోయి, రాజుకూ రైతుకూ "యూ" ఒక్కటే మిగిలింది. అంతమాత్రాన అక్కడ హెచ్చుతగ్గులు పోలేదనుకోండి. అయినా మన చేతిలో ముందుగా ఉన్నది మన మాటే గదా!

ఇంత చెబుతున్న నేను ఏమీ తక్కువవాణ్ణి కాను. నాకు పాతికేళ్ళప్పుడు, నేను పనిచేసే బడిలో గంట కొట్టే మనిషికి యాభై ఏళ్ళు దాటాయి. నేను ఆయనను "ఒరేయ్" అనేవాణ్ణి. ఒకనాడు ఒకటో తరగతి పిల్లవాడు, అచ్చం నా గొంతుతో, "ఒరేయ్, గంట కొట్టరా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. వెళ్ళి గంట కొట్టాడు. ఆ పిల్లవాడికి నేను అక్షరాలు నేర్పాననుకుంటున్నాను గాని, ఇది కూడా నేర్పానని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు నేను ఆయనతో, "గంట కొట్టండి," అన్నాను. ఆయన చప్పున వెనక్కు తిరిగి చూశాడు, తన వెనక ఎవరో పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడనుకుని! ఆ చూపు నేను ఈనాటికీ మరచిపోలేదు.

పిల్లలూ! ఈ నెల మీకొక పని. ఒక వారం రోజులపాటు మీ నోటివెంట ఎవరెవరికి "వాడు", "అది", "ఆయన", "ఆవిడ" వచ్చాయో ఒక కాగితం మీద రాసుకోండి. ప్రతి పేరు పక్కనా వాళ్ళ వయసు వెయ్యండి. తరవాత ఆ కాగితం మీ అమ్మకూ నాన్నకూ చూపించండి. వాళ్ళను కూడా ఒక కాగితం రాయమనండి.

లేపాక్షిలో ఆ కుర్రవాడికి నేనేమీ చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ ఆ చెట్టు దగ్గర ఆగి, "పెద్దాయనా, నీళ్ళు దొరికినాయి. చాలా మేలు చేశారు," అన్నాను. కుర్రవాడు నావంకా ఆయనవంకా చూసి, తన సంచిలో మిగిలిన వేరుశనగ ఉండ తీసి, "తాతా, తినండి," అని ఆయన చేతిలో పెట్టాడు.