డాక్టరుగారి దగ్గర దాచిన మాట



కూర్మన్నపాలెంలో మా సంఘానికి చెందిన ఒక కుటుంబం డాక్స్‌హండ్ కుక్కను పెంచుకుంటున్నారు. పొడుగు నడుము, పొట్టి కాళ్లు. ఒక ఉదయం అది వెనుక కాళ్లు ఈడ్చుకుంటూ కనిపించింది. స్టీలుప్లాంటులో నైట్‌షిఫ్టు దిగివచ్చిన ఇంటాయనతో, ఇల్లాలితో కలిసి నేనూ పశువైద్యుని దగ్గరకు వెళ్లాను.

వెన్నుపూసల మధ్యనుండే డిస్క్ జారి వెన్నుపామును నొక్కుతోందని డాక్టరుగారు చెప్పారు. ఈ జాతికి అది తరచుగా వచ్చే జబ్బేనట. కాలివేళ్లను గట్టిగా నొక్కగానే కుక్క తిరిగి చూసి మూలిగింది. "నొప్పి తెలుస్తోంది. ఆపరేషన్ చేయిస్తే కోలుకునే అవకాశం ఎక్కువ" అన్నారు. తరువాత ఇంగ్లీషు మాటలు చాలా దొర్లాయి. ఇంటాయన అన్నిటికీ తల ఊపాడు. "ఏమైనా మందు వేశారా?" అంటే "లేదండి" అన్నాడు.

బయటికి రాగానే ఇల్లాలు మెల్లగా అంది: "అయ్యగారూ, రాత్రి మా ఆయన నడుంనొప్పి బిళ్ల సగం వేశానండి. తిడతారని చెప్పలేదు. ఆపరేషన్‌కు డబ్బు కూడా లేదండి."

వారిని వెంటనే లోపలికి తీసుకువెళ్లాను. డాక్టరుగారు తిట్టలేదు. మనుషుల నొప్పి బిళ్లలు కుక్కకు ప్రమాదమని, దానిమీద స్టెరాయిడ్ పడితే కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చునని చెప్పి, చీటీ మార్చి రాశారు. డబ్బు సంగతి విని రెండో దారి చూపారు: ఆరు వారాల పూర్తి విశ్రాంతి.

"ఇప్పుడు ఇంటికి వెళ్లి ఏం చేస్తారో మీరు చెప్పండి" అన్నారు.

"పెరట్లో వదిలేస్తామండి, వీధిలోకి పోనివ్వం" అన్నాడు ఇంటాయన.

"కాదండీ! చిన్న బోనులోనే ఉంచాలి. ఒంటికి, రెంటికి మాత్రం చేతులతో ఎత్తి తేవాలి. గెంతకూడదు, మెట్లు ఎక్కకూడదు. మూత్రం ఆగినా, వేళ్లు నొక్కితే నొప్పి తెలియకపోయినా ఆ పూటే తీసుకురండి."

ఆరో వారానికి అది తూలుతూ నడిచింది. అన్నీ అలా కోలుకోవు. కానీ ఆ రోజు మేము వెనక్కి వెళ్లకపోతే?

ప్రియులారా, తన పశువు ప్రాణాన్ని పట్టించుకోవడం నీతిమంతుని లక్షణమని సామెతలు 12:10 నేర్పుతుంది. పూర్తిగా వినకుండా జవాబిచ్చుట అవివేకమని 18:13 హెచ్చరిస్తుంది. తల ఊపడం వినడం కాదు. సిగ్గుతో చెట్లచాటున దాగిన ఆదామును దేవుడే పిలిచి మాట్లాడించాడు. వైద్యుని ఎదుటగాని, భార్యాభర్తల మధ్యగాని, ప్రార్థనలోగాని దాచిన మాటే గాయాన్ని పెంచుతుంది.

ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మీ ప్రశ్నలు కాగితంమీద రాసుకోండి. వేసిన మందు, ఉన్న డబ్బు దాచకుండా చెప్పండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.