జ్వరం దిగిన రోజే జాగ్రత్త!

వానాకాలంలో పిల్లవాడికి ఒళ్ళు వెచ్చబడగానే మన ఇళ్ళల్లో తలా ఒక మాట అంటాం. నానీమా నజర్ తగిలిందంటుంది. తల్లి జలుబంటుంది. తండ్రి రేపు చూద్దామంటాడు. ఎవరినీ తప్పుపట్టలేం. మొదటి రెండు రోజుల్లో అది మామూలు జ్వరమో, డెంగీయో చూపుతోనే చెప్పడం వైద్యునికీ కష్టమే.

మనం పొరబడేది ఆ తర్వాత. డెంగీలో సాధారణంగా 3 నుంచి 7 రోజుల మధ్య జ్వరం దిగుతుంది. గండం గడిచిందనుకుంటాం. కొందరు పిల్లల్లో అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. బిడ్డ మగతగా పడి ఉన్నా, కడుపునొప్పితో మెలికలు తిరిగినా, వాంతులు ఆగకున్నా, ముక్కు నుంచో చిగుళ్ళ నుంచో రక్తం వచ్చినా, కాళ్ళూ చేతులూ చల్లబడినా, మూత్రం బాగా తగ్గినా తెల్లవారేదాకా ఆగరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. 3 నెలలు నిండని పసికందుకైతే జ్వరం వచ్చిన రోజే చూపించాలి.

డెంగీ అనుమానముంటే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వకూడదు, రక్తస్రావం పెరగవచ్చు. వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు.

దువా చదివి ఊదడం మానమని మేము అనడం లేదు. దువాతోపాటు దవా కూడా కావాలి. బిడ్డ మన చేతుల్లోని అమానత్. పరీక్షించి "ఏమీ లేదు, తీసుకెళ్ళండి" అని డాక్టరు పంపేస్తే చిన్నబోనక్కరలేదు. షుక్ర్ చెప్పుకుని ఇంటికి వద్దాం.