మార్ఫీ ఓటమి

న్యూ ఆర్లియన్స్‌లో 1837లో జన్మించిన పాల్ మార్ఫీ ఇరవై యేండ్లు నిండకమునుపే న్యాయశాస్త్ర పట్టభద్రుడైనాడు. ఆ 1857లోనే న్యూయార్కులో జరిగిన అమెరికా చదరంగ మహాసభలో విజేతగా నిలిచినాడు. మరుసటి యేట పారిస్‌లో జర్మన్ దిగ్గజము ఆండర్సెన్‌తో తలపడి, 7 ఆటలు గెలిచి రెండే ఓడినాడు.

అంతటివాడు 1859లో స్వదేశము చేరి, క్రమముగా పోటీలకు దూరమైనాడు. చదరంగము వినోదమే కాని వృత్తి కాదని ఆయన తలంపు. నమ్ముకొన్న న్యాయవాద వృత్తియు ఫలింపలేదు. 1884లో 47 ఏండ్ల వయసున కన్నుమూసినాడు.

ఆయన వ్యర్థుడైనాడని జాలిపడుట సులభము. కాని తన విద్యను తానే చులకన చేయుట ఒక్కని దోషమా? చప్పట్లు చరచి, బ్రతుకుతెరువు చూపని సంఘమే ఆ చులకన నేర్పినది. శిష్యుని ప్రతిభను చూచి “ఇది కూడు పెట్టునా?” అని ప్రశ్నించుటకు ముందు ఉపాధ్యాయులు మార్ఫీని ఒక్కమారు తలచుకొనుట మేలు.