తల్లి ఒడికి అండ

మాతృత్వాన్ని కీర్తించడంలో మన జాతి ఏ జాతికీ తీసిపోదు. తల్లిని దైవంతో పోల్చాం. భూదేవి ఓర్పును ఆమెకు ఆపాదించాం. అయితే ఆ కీర్తనలో ఒక ప్రమాదం దాగి ఉన్నది. బిడ్డ చక్కగా పెరిగితే అది తల్లి సహజగుణమనీ, పెరగకపోతే అది ఆమె లోపమనీ తేల్చివేస్తున్నాం. వాత్సల్యం సహజమే కావచ్చు. అది పోషణగా ఫలించాలంటే తల్లికి తీరిక, ఆరోగ్యం, తోడు ఉండాలి. వీటిని సమకూర్చవలసిన బాధ్యత కుటుంబానిదీ, సమాజానిదీ అని నా అభిప్రాయం.

భాగవతం దశమస్కంధంలోని ఒక ఘట్టాన్ని పరిశీలించండి. ఇంటి పనివారంతా ఇతర కార్యాలలో ఉండగా యశోద తానే పెరుగు చిలుకుతున్నది. ఆకలిగొన్న బాలకృష్ణుడు వచ్చి కవ్వం పట్టుకున్నాడు. ఆమె ఒడిలోకి తీసుకొని పాలిస్తుండగా పొయ్యిమీది పాలు పొంగాయి. బిడ్డను దించి ఆమె పరుగెత్తింది. కడుపు నిండని కృష్ణుడు కోపించి కుండ పగులగొట్టాడు. కథ చివరకు అతనిని రోటికి కట్టివేయడం దాకా సాగింది. ఇందలి తత్త్వార్థాన్ని వ్యాఖ్యాతలు పలువిధాల వివరించారు. లౌకికదృష్టితో చూస్తే మాత్రం యశోదకు కొరవడినది ప్రేమ కాదు; ఆ పూట పాలు దించే మరొక చేయి.

ఆ కొరత నేటికీ తీరలేదు. నంద్యాల జిల్లా వెలుగోడు ప్రాంతంలో తెలుగుగంగ నీటితో పైర్లు పచ్చగా ఉన్నాయి. ఆ పొలాలలో నాట్లు, కలుపుతీత వంటి పనుల భారం ఎక్కువగా స్త్రీలదే. పసిబిడ్డకు ఎన్ని నెలలు నిండాయో చూసి పనులకాలం రాదు. తల్లి చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో బిడ్డను పడుకోబెట్టి మడిలోకి దిగాలి; లేదా ఇంట అవ్వకో, ఎనిమిదేళ్ల అక్కకో అప్పగించాలి. అప్పుడు ఆ అక్క చదువు కుంటుపడుతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. శిశువుకు అడగడమంటే ఏడవడమే. ఆ ఏడుపు వినబడే దూరంలో తల్లి ఉండాలి కదా!

మొదటి 6 నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుండి 26 వారాలకు పెంచారు. అది ఉద్యోగినికి దక్కిన వరం. కూలికి పోయే తల్లికి సెలవు ఇచ్చేవారెవరు? ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద తొలికాన్పుకు 5,000 రూపాయలు ఇస్తున్నారు. ఆ సొమ్మును 6 నెలలకు పంచితే రోజుకు 28 రూపాయలకు మించదు. ఆ మాత్రానికి కూలి మానుకోగల తల్లి ఎక్కడ ఉన్నది?

శరీరం వలెనే మనస్సు కూడా అలసిపోతుంది. ప్రపంచవ్యాప్తంగా బాలింతలలో దాదాపు 13 శాతం మంది మానసిక రుగ్మతకు, ముఖ్యంగా కుంగుబాటుకు, లోనవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. ఆ స్థితిలో బిడ్డ పిలుపునకు నవ్వి బదులు పలకడం కూడా బరువే. ఆడపిల్ల పుట్టిందని ఇంటివారు ముఖం తిప్పుకొంటే, చదువు మాన్పించి పసివయస్సులోనే పెళ్లి చేస్తే ఆ బరువు రెట్టింపవుతుంది.

‘పూర్వం మన అవ్వలు పదిమందిని పెంచలేదా?’ అని కొందరు ప్రశ్నిస్తారు. పెంచారు. ఇంట అత్తలు, వదినలు, తోడికోడళ్లు ఉండేవారు. ఆ పదిమందిలో ఎందరు దక్కేవారో కూడా ఆ ప్రశ్నతోపాటు అడగాలి.

పరిష్కారం అసాధ్యమేమీ కాదు. పనిచోట 6 ఏళ్లలోపు పిల్లలు 5గురు లేదా అంతకు మించి ఉంటే, వారిని చూసుకొనడానికి ఒక స్త్రీని నియమించి ఆమెకూ కూలి చెల్లించాలని 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం నిర్దేశించింది. ఈ ఆలోచన ప్రతి ఊరి పొలం గట్టుకూ చేరాలి. పనుల కాలంలో ఊరికొక శిశుసంరక్షణ కేంద్రం నడవాలి.

విద్యార్థులారా! చట్టం వచ్చేదాకా వేచి ఉండనవసరం లేని పని ఒకటి ఉన్నది. మీ ఇంట బాలింత ఉంటే నీళ్లు తోడండి, అంట్లు తోమండి, రాత్రి ఒక జాము బిడ్డను ఎత్తుకోండి. ఇందులో మగపిల్లలకు మినహాయింపు లేదు. తల్లికి దొరికే ఆ కాస్త విశ్రాంతి బిడ్డకు పాలై అందుతుంది.