పెట్టెలో ఉంది, లెక్కలో లేదు

డి.టి.పి. పనులూ, జిరాక్సూ, ఆన్‌లైన్ దరఖాస్తులూ చేసిపెట్టే చిన్న దుకాణం ఒకటి ఉన్నదనుకోండి. అందులోని పాత డెస్క్‌టాప్ కంప్యూటరు రోజురోజుకూ మందగిస్తున్నది. పెద్ద ఫోటో ఒకటి తెరిస్తే చాలు, తెర బిగుసుకుపోతుంది. యజమాని నలుగురినీ విచారించి, ఉన్న 4 జి.బి. ర్యామ్‌కు తోడుగా మరో 4 జి.బి. కొని తెచ్చి, ఖాళీ స్లాట్‌లో బిగించి, యంత్రాన్ని నడిపిస్తాడు. విండోస్ తన వివరాల పుటలో ఒక వింత వాక్యం చూపిస్తుంది: అమర్చిన మెమరీ 8.00 జి.బి., దాని పక్కనే కుండలీకరణాల్లో 3.25 జి.బి. యూజబుల్. అంటే ఉన్నది ఎనిమిది, వాడుకోవడానికి దక్కేది మూడుంపావు.

ఆ తరువాత జరిగేది దేశంలో ఏ ఊళ్ళోనైనా ఇంచుమించు ఒకటే. ముందుగా ర్యామ్ అమ్మినవాడి మీద అనుమానం పుడుతుంది. ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో కొన్నా, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నా, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా ఆ అనుమానానికి తేడా లేదు. పిమ్మట మెకానిక్ వచ్చి, మదర్‌బోర్డు పాతబడింది, మార్చాలి అంటాడు. బోర్డు మారిస్తే ప్రాసెసరు మారుతుంది, ప్రాసెసరు మారితే ర్యామ్ కూడా మారుతుంది. నిన్న కొన్న ర్యామ్ సొరుగులోకి పోతుంది. 2025 చివరి నెలల్లో మెమరీ ధరలు ఏ తీరున పెరిగాయో చూసినవారికి ఆ సొరుగు విలువ వేరే చెప్పనక్కరలేదు.

చిత్రమేమంటే, పైన చెప్పిన వాక్యమే అమ్మినవాడిని నిర్దోషిగా తేలుస్తున్నది. విండోస్ 8.00 అని రాసిందంటే బోర్డు ఆ ర్యామ్‌ను గుర్తించిందన్నమాట, దాని పరిమాణాన్ని సరిగా లెక్కించిందన్నమాట. బోర్డు గుర్తించినదాన్ని వాడుకోలేకపోతున్నది విండోస్. ఎందువల్ల వాడుకోలేకపోతున్నదో తెలుసుకోవాలంటే చిరునామాల సంగతి కొంత తెలియాలి.

మన తపాలా శాఖ 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ ప్రవేశపెట్టింది. దానికి ఆరు అంకెలు. ఆరే అంకెలు గనుక, ఆ పద్ధతిలో పుట్టగల సంఖ్యలకు ఒక హద్దు ఉన్నది. దేశంలో తపాలా కార్యాలయాలు ఎన్ని పెరిగినా ఆ హద్దు దాటి కొత్త సంఖ్య ఇవ్వడం సాధ్యం కాదు. అంతేకాక, 9తో మొదలయ్యే సంఖ్యలన్నీ సైనిక తపాలాకు ప్రత్యేకించబడ్డాయి. అవి ఎన్ని ఖాళీగా ఉన్నా ఏ పల్లెకూ దక్కవు.

కంప్యూటరు మెమరీ కూడా ఇటువంటి ఊరే. అందులో ప్రతి బైటుకూ ఒక సంఖ్య ఉండాలి. సంఖ్య లేని బైటు ఉన్నా లేనట్టే, అక్కడికి ఉత్తరం చేరదు. 32 బిట్ల విండోస్ ఆ సంఖ్యను 32 స్థానాలతో రాస్తుంది, ఒక్కొక్క స్థానంలో సున్నా గాని ఒకటి గాని. లెక్క కడితే మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 సంఖ్యలు వస్తాయి. సరిగ్గా 4 జి.బి. అయిదో జి.బి.కి ఇవ్వడానికి సంఖ్యే లేదు. ఇక ఆ నాలుగింటిలోనూ పై భాగాన్ని గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్, శబ్దం వంటి పరికరాలు తమ అవసరానికి తీసుకుంటాయి. ఇవే ఈ ఊరి సైనిక తపాలా. అవి తీసుకోగా మిగిలినదే మూడుంపావు. ఒక యంత్రంలో ఇది మూడున్నర కావచ్చు, పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్నచోట మూడుకన్నా తక్కువే కావచ్చు.

ఈ ఇరుకు కొత్తది కాదు. ఇంటెల్ 1978లో విడుదల చేసిన 8086 ప్రాసెసరుకు 20 స్థానాల చిరునామా ఉండేది, మొత్తం 10 లక్షల 48 వేల 576 బైట్లు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.లో అందులోనుంచి 384 కె.బి. పరికరాలకు పోగా ప్రోగ్రాములకు 640 కె.బి. మిగిలింది. దాన్ని దాటడానికి ఆ కాలపు ప్రోగ్రామర్లు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. 1985లో 80386 వచ్చి 32 స్థానాలు ఇచ్చినప్పుడు 4 జి.బి. అన్నది సముద్రం వలె కనిపించింది. ఇరవై ఏళ్ళలో ఆ సముద్రం చెరువయింది.

విండోస్ తయారీదారులకు ఈ సంగతి తెలియక కాదు. 1995 నాటి పెంటియం ప్రో మొదలుకొని ప్రాసెసర్లు 36 స్థానాల చిరునామాలను అర్థం చేసుకోగలవు. కాని అనేక పరికరాల డ్రైవర్లు 4 జి.బి. పైనున్న చిరునామా చూడగానే తికమకపడి యంత్రాన్ని కుప్పకూల్చేవి. అందుచేత మైక్రోసాఫ్ట్ 2004లో విండోస్ ఎక్స్.పి. రెండవ సర్వీస్ ప్యాక్‌తో 4 జి.బి. దగ్గరే గీత గీసింది. 2008లో విస్టా మొదటి సర్వీస్ ప్యాక్‌తో మరొక పని చేసింది: వాడుకలో ఉన్న మెమరీకి బదులు అమర్చిన మెమరీని తెర మీద చూపించసాగింది. మెమరీ పోయిందన్న ఫిర్యాదుకు అది ఒక విధమైన సమాధానం. మెమరీ ఏమీ పెరగలేదు, చూపే సంఖ్య పెరిగింది. విండోస్ 7 నాటికి రెండు సంఖ్యలూ పక్కపక్కనే రాసే నిజాయితీ వచ్చింది.

కనుక మొట్టమొదట చూడవలసినది అదే పుటలోని సిస్టమ్ టైప్ అన్న వరుస. అక్కడ 32 బిట్ అని ఉంటే అన్వేషణ అక్కడితో ఆపవచ్చు. మందు 64 బిట్ల విండోస్. ప్రాసెసరు దానికి తగినదేనా అంటే, గత పదిహేనేళ్ళలో కొన్న డెస్క్‌టాప్‌లలో దాదాపు అన్నీ తగినవే. అయితే పాతదాని మీదనే కొత్తది పరచడం కుదరదు. ఫైళ్ళన్నీ వేరొక డిస్కులో భద్రపరచి, మొదటినుంచి ఎక్కించుకోవాలి.

దుకాణదారు నిజంగా ఆలోచించవలసినది ఇక్కడే. 64 బిట్ల విండోస్ 32 బిట్ల ప్రోగ్రాములను సాధారణంగా నడుపుతుంది గాని, డాస్ కాలపు 16 బిట్ల బిల్లింగ్ ప్రోగ్రాములను నడపదు. 32 బిట్ల ప్రింటరు డ్రైవరు అందులో పనిచేయదు. పదేళ్ళుగా నమ్మకంగా నడుస్తున్న పాత ప్రింటరుకు 64 బిట్ల డ్రైవరు దొరకకపోతే, ర్యామ్ కోసం ప్రింటరును వదులుకున్నట్టవుతుంది. కాబట్టి డ్రైవరు దొరుకుతుందో లేదో రూఢి చేసుకున్నాకే డిస్కు తుడవాలి. పైగా విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 అధికారికంగా పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. 64 బిట్ల లినక్స్ ఉచితంగా లభిస్తుంది, పాత యంత్రాల మీద చక్కగా నడుస్తుంది. కాని దుకాణంలో వాడే ప్రోగ్రాములు అందులో నడవకపోతే అది ఉచితమైనా ఉపకరించదు.

64 బిట్ల విండోస్ ఉండి కూడా లెక్క తప్పితే? విండోస్ 7 హోమ్ బేసిక్ 8 జి.బి.కి, హోమ్ ప్రీమియం 16 జి.బి.కి మించి తీసుకోవు. ఇది లోపం కాదు, వ్యాపారపు ఏర్పాటు. కొన్ని పాత బోర్డుల బయోస్‌లో మెమరీ రీమ్యాప్ అనే ఏర్పాటు ఉంటుంది. పరికరాల చాటున పడిపోయిన మెమరీకి 4 జి.బి. పైన కొత్త చిరునామా ఇచ్చేది అదే. అది ఆపివేసి ఉంటే 64 బిట్ల విండోస్ సైతం నిస్సహాయమే. మరొకటి, ఎం.ఎస్.కాన్ఫిగ్ అనే ఉపకరణంలో బూట్ విభాగంలో మాక్సిమమ్ మెమరీ అన్న గడి. వేగం పెరుగుతుందన్న ఆశతో ఎవరో ఎప్పుడో ఆ గడిలో టిక్కు పెడతారు. అక్కడ రాసి ఉన్న సంఖ్యకు మించి విండోస్ మెమరీని ముట్టుకోదు. టిక్కు తీసివేసి యంత్రాన్ని మళ్ళీ నడిపిస్తే చాలు. ఇక 8 జి.బి.లో కొంత మాత్రమే తగ్గి, 7.9 గాని 5.9 గాని కనిపిస్తే, ఆ మిగిలినది ప్రాసెసరులోనే ఉన్న గ్రాఫిక్స్ భాగానికి చెందినదని సాధారణంగా భావించవచ్చు. టాస్క్ మేనేజరులో హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అన్న పేరుతో అది కనబడుతుంది.

ఇంతవరకు చెప్పినది బోర్డు సరిగా లెక్కించిన పక్షంలో. విండోస్ రాకముందే, బయోస్ తెర మీదనే 8కి బదులు 4 కనిపిస్తే కథ వేరు. అప్పుడు పెట్టె విప్పక తప్పదు. కరెంటు తీగ ఊడదీసి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేతితో తాకి, ర్యామ్‌లు తీయాలి. వాటి అంచున ఉండే బంగారు పూత పళ్ళను పెన్సిలు రబ్బరుతో మృదువుగా రుద్ది, రబ్బరు పొట్టు దులిపి తిరిగి అమర్చాలి. మన దేశపు దుమ్ములో, తేమలో ఈ వైద్యంతో బాగుపడినవి కొల్లలు. కొందరు నోటితో స్లాట్‌లోకి ఊదుతారు. దుమ్ముతోపాటు తడి కూడా లోపలికి పోతుందని వారికి తోచదు. అమర్చేటప్పుడు రెండు వైపులా కొక్కెం టక్కుమని పడేదాకా నొక్కాలి. సగం కూర్చున్న ర్యామ్ లెక్కకు రాదు.

అప్పటికీ లెక్క కుదరకపోతే, ఒక్కొక్క ర్యామ్‌నూ విడిగా, బోర్డు పుస్తకం చెప్పిన మొదటి స్లాట్‌లో ఉంచి చూడాలి. రెండూ విడివిడిగా పనిచేస్తే తప్పు స్లాట్‌దో, జోడింపుదో. నాలుగు స్లాట్లున్న బోర్డులలో చాలావాటికి, రెండే ర్యామ్‌లు ఉన్నప్పుడు ప్రాసెసరు వైపునుంచి రెండవ, నాలుగవ స్లాట్లు తగినవి. పక్కపక్కన పెట్టడం చూపుకు బాగుంటుంది గాని, బోర్డు దానికి ఒప్పుకోకపోవచ్చు.

బోర్డుకు కూడా హద్దు ఉంటుంది. పాత కార్యాలయపు యంత్రాలలో విరివిగా కనిపించే ఇంటెల్ 945, జి31 చిప్‌సెట్ల హద్దు 4 జి.బి. జి41కు 8. వీటిలో అంతకు మించి పెట్టడం డబ్బు పారవేయడమే. జి41 వంటి బోర్డులకు మరొక పేచీ ఉన్నది. 4 జి.బి. ర్యామ్ 16 చిన్న చిప్పులతో ఉంటే తీసుకుంటాయి, అదే 4 జి.బి. 8 పెద్ద చిప్పులతో ఉంటే చాలాసార్లు తిరస్కరిస్తాయి. ఒక్కో చిప్పులో ఎంత పడుతుందో చదవగలిగే శక్తి వాటికి అంతవరకే. ఏ.ఎం.డి. బోర్డులకు మాత్రమే అని తక్కువ ధరకు దొరికే ర్యామ్ ఇంటెల్ బోర్డులో పనిచేయకపోవడానికి కారణం కూడా ఇటువంటిదే. కొనేముందు బోర్డు పేరు, చిప్‌సెట్ పేరు కాగితం మీద రాసుకుని వెళ్ళి, చిప్పులు లెక్కపెట్టుకుని, పనిచేయకపోతే మార్చి ఇస్తానన్న మాట బిల్లు మీద రాయించుకోవచ్చు. అడిగితే కాదనే దుకాణాలు తక్కువే.

ఇన్ని చూశాక మిగిలే అనుమానం ప్రాసెసరు కింద ఉంటుంది. నేటి ప్రాసెసర్లలో మెమరీని నడిపే భాగం ప్రాసెసరులోనే ఉన్నది గనుక, ఇంటెల్ సాకెట్‌లోని వెంట్రుకంత సూదులలో ఒక్కటి వంగినా ఒక స్లాట్ మొత్తం మూగబోతుంది. ఫ్యాను మరలు ఒక పక్కకు గట్టిగా బిగిసినా అదే ఫలితం. మరలను కొద్దిగా వదులుచేసి, నాలుగు మూలలా సమంగా బిగించి చూడటానికి ఖర్చేమీ లేదు. బోర్డు మార్చాలన్న మెకానిక్ చేత ముందుగా ఆ పని చేయించవచ్చు.