పాలలోని రోగక్రిములను పట్టు పరికరము – సహకార సంఘముల కర్తవ్యము

చూడి పశువు ఐదవ నెల దాటిన పిమ్మట ఈసుకుపోయినచో, దృష్టిదోషమనియో మేతలోపమనియో చెప్పుకొనుట మన గ్రామములందు కలదు. అట్టి నష్టమునకు గల ముఖ్యకారణములలో బ్రూసెల్లా యను సూక్ష్మజీవి యొకటి. అది పచ్చిపాలవలనను, ఈసిన పిండమును మావిని వట్టిచేతులతో ముట్టుటవలనను మనుష్యులకును సంక్రమించి, విడిచి విడిచి వచ్చు జ్వరమును, కీళ్లనొప్పులను కలిగించును.

1887లో డేవిడ్ బ్రూస్ అను వైద్యుడు మాల్టా ద్వీపమునందు ఈ క్రిమిని కనుగొనెను. మేకపాలే దానికి మూలమని 1905లో థెమిస్టొక్లీస్ జమ్మిట్ పరిశోధనవలన తెలియవచ్చెను. ఆ మేకలు చూపునకు ఆరోగ్యముగనే యుండెను. 1906లో అచ్చటి ఆంగ్లేయసైన్యము మేకపాలు మానగా సైనికులలో జ్వరము మిక్కిలి తగ్గెను. కన్ను పట్టలేని రోగమును పరీక్షయే పట్టవలెనని దీనివలన తెలియుచున్నది.

అట్టి పరీక్షకై నేడు శాస్త్రజ్ఞులు విద్యుద్రసాయన బయోసెన్సరులను సిద్ధపరచుచున్నారు. మధుమేహరోగులు రక్తపుబొట్టు నంటించి చక్కెర చూచుకొను చిన్న యంత్రము ఈ జాతిలోనిదే. 1962లో లీలాండ్ క్లార్క్ దీనికి మార్గము చూపెను. రోగక్రిమిని పట్టుటకు, ఎలక్ట్రోడు అను చిన్న లోహపు లేక బొగ్గు పలకపై ఆ క్రిమిని మాత్రమే పట్టుకొను యాంటీబాడీని అతికింతురు. క్రిమి వచ్చి తగులుకొనగనే విద్యుత్ప్రవాహములో మార్పు కలుగును. యంత్రము దానిని అంకెగా చూపును. ప్రయోగశాలలో క్రిమిని పెంచి చూచుటకు దినములు పట్టును; దీనికి నిమిషములో, గంటలో చాలును.

అయినను తొందరపడి కొనదగదు. రక్తములో చక్కెర సమృద్ధిగా నుండును. పాలలో క్రిములు స్వల్పముగా నుండవచ్చును. పాలలోని వెన్న, మాంసకృత్తులు పలకకు అంటుకొని తప్పుఫలితము నీయవచ్చును. చచ్చిన క్రిమికిని బ్రదికిన క్రిమికిని భేదము తెలియకపోవచ్చును. ఇట్టి పరికరములు నేటికిని అధికభాగము పరిశోధనాలయములందే యున్నవి. కావున, ఎవరైన అమ్మవచ్చినచో, మన పాలతోనే పరీక్షింపించి, పశువైద్య ప్రయోగశాల ఫలితముతో సరిచూచిన పిమ్మటనే సంఘము సొమ్ము వెచ్చింపవలెను. అంతవరకు రోజ్ బెంగాల్ రక్తపరీక్ష, పాలవలయ పరీక్ష మనకు అక్కరకు వచ్చును.

కాని యంత్రముకంటె ముందు చేయవలసినది వేరొకటి కలదు. పరీక్షలో రోగము బయటపడినచో ఆ రైతు పాలు నిలిచిపోవును. పశువు వెల పడిపోవును. నష్టమంతయు అతనిపైననే పడునెడల, ఏ రైతు తన పశువును పరీక్షకు తెచ్చును? దాచుటయే లాభమని తోచును. అట్లు దాచిన యొక్క పశువు ఊరి మందనంతను చెఱచును. రైతు నిజము చెప్పుటకు జంకు చోట ఎంత సూక్ష్మమైన పరికరమును పనికిరాదు.

అందువలన ప్రతి పాలసంఘమును సభ్యులు పోయు పాలపై లీటరునకు కొంత చొప్పున తీసి నష్టనిధి నేర్పరుపవలెను. పశువును వేరుగా కట్టియుంచిన రైతునకు దానినుండి సహాయ మీయవలెను. ఫలితమును యజమానికిని పశువైద్యునికిని తెలుపవలెనే కాని రచ్చబండయొద్ద చాటరాదు. నాలుగు మొదలు ఎనిమిది నెలల ఆడదూడలకు 2019లో ఆరంభమైన జాతీయ పథకముక్రింద టీకా వేయించి, చెవిబిళ్ల సంఖ్యతో పుస్తకమున వ్రాయవలెను. టీకా పొందిన పశువు కొన్ని రక్తపరీక్షలలో రోగిష్టివలె కనబడవచ్చును గనుక ఈ లెక్క అవసరము. పాలు కాచియే త్రాగవలెను.

సోదరులారా, రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ నిధి విషయమును చర్చకు పెట్టుడు. పరికరము నేడు కాకున్న రేపు వచ్చును. అది వచ్చునాటికి, రోగము బయటపడిన రైతు ఒంటరి కాడను నమ్మకము మన సంఘములలో స్థిరపడియుండవలెను.